వెన్నుగాడి కుంగిన ఇల్లు: పడగొట్టాలా, నిలబెట్టాలా?

ఈ వారం ఉత్తరం కోనసీమ ఆడపడుచు ఒకరిది. పేరు, ఊరు రాయొద్దన్నారు. వయసు నలభై ఎనిమిది, రాజమండ్రిలో టీచరు. సొంతూళ్ళో వాళ్ళ తాతగారు 1956లో కట్టించిన మండువా లోగిలి ఉంది. తాతగారి తర్వాత దాన్ని ఇద్దరు కొడుకులకీ చెరి సగం పంచారు. మధ్యగోడే సరిహద్దు. తూర్పు సగంలో ఆమె తల్లి, డెబ్భై నాలుగేళ్ళావిడ, ఒక్కరే ఉంటున్నారు. పడమటి సగం బాబాయిగారిది. 2019లో బాబాయిగారి అబ్బాయి, ఈమెకి అన్నయ్య, తన వాటా విప్పేసి అక్కడ డాబా కట్టుకున్నారు.

ఆ తర్వాత రెండో వానాకాలానికి హాలు పైకప్పు మధ్యలో కుంగడం మొదలైంది. లోపల ప్లైవుడ్ సీలింగ్ ఉండటంతో కింద నుంచి ఏమీ కనపడదు. వీధిలో నిలబడి చూస్తే మాత్రం నడికొప్పు, అంటే కప్పు రెండు వాలులూ కలిసే పైఅంచు, మధ్యలో నాలుగు వేళ్ళు దిగిపోయినట్టు తెలుస్తుంది. హాలు తలుపు గడపకి రాసుకుంటోంది. వీధి గోడా, గది గోడా కలిసే మూలలో పగులొకటి వచ్చింది, పైన వేలు దూరేంత, కిందికొచ్చేసరికి సన్నటి గీతంత. కోతులు పెంకులు పగలగొడుతుంటే 2022లో పైన టార్పాలిన్ కప్పించారు. డాబా మీది వాన నీళ్ళ గొట్టం వీళ్ళ కప్పు మీదికే ఉంది. ఇంకో మాట కూడా రాశారు: 2011లో నాన్నగారు సీలింగ్ వేయించేటప్పుడు హాల్లో ఒక అడ్డదూలం అడ్డమొస్తోందని కోయించేశారట. "అది ఏమీ మోయడం లేదండీ" అని వడ్రంగి చెప్పాడట.

ఇప్పుడు తలో మాట చెబుతున్నారు. ఊళ్ళో మేస్త్రి హాలు మధ్యలో ఇనప గొట్టం నిలబెడితే సరిపోతుందంటున్నాడు, అరవై వేలు అడిగాడు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు పెంకులు తీసేసి ఉన్న గోడల మీదే శ్లాబు పోసేద్దామంటున్నాడు. అన్నయ్య, పెద్దమ్మని మా డాబాలో ఉండమనండి, స్థలం సంగతి తర్వాత మాట్లాడుకుందాం అంటున్నారు. తల్లి మాత్రం "తొంభై ఆరు తుఫానుకే నిలిచిన ఇల్లు, నేనున్నన్నాళ్ళూ నిలుస్తుంది" అని కదలనంటున్నారు. ఉత్తరం చివర ఆమె ఇలా అడిగారు: "అన్నయ్య వాటా విప్పినందుకే ఇదంతా అని నా అనుమానం. కానీ అమ్మకి జ్వరమొస్తే కేరేజీ వచ్చేది వాళ్ళింటి నుంచే. గొడవ పడాలా, ఊరుకోవాలా? ఇల్లు బాగు చేయించాలా, పడగొట్టాలా? రాత్రి వాన పడితే ఇక్కడ నాకు నిద్ర పట్టదు."

ముందు అమ్మగారి మంచం సంగతి చూడండి. ఇల్లు ఏం చేయాలన్నది నెల రోజులు ఆలోచించొచ్చు, మంచం మాత్రం ఇవాళే హాల్లోంచి తీయించి తూర్పు గదిలో వేయించండి. చిన్న గది, దూలం పొడవు తక్కువ, రెండు పక్కలా గోడలు గట్టిగానే ఉన్నాయని మీరే రాశారు. పైనుంచి టప్పుమని కర్ర పగిలిన చప్పుడు వచ్చినా, ఉన్నట్టుండి మట్టి, పొడి రాలినా, పెంకులు జారినా, నిన్నటిదాకా పడిన తలుపు ఇవాళ అసలు పడకపోయినా, సామాను కోసం ఆగకుండా బయటికి వచ్చేయాలని ఆవిడకీ, పక్కింటి వాళ్ళకీ చెప్పి ఉంచండి. సీలింగ్ పైన ఉన్న పాత కరెంటు వైర్లకి సప్లై తీయించండి. తడిసిన దూలం మీద పాత వైరు ఉంటే కప్పు కూలకుండానే ప్రమాదం జరగొచ్చు.

ఇక కప్పు ఎందుకు కుంగిందో చూద్దాం. పెంకుల బరువు వాటి కింద అడ్డంగా కొట్టిన సన్నటి కర్రలు, రీపర్ల మీద పడుతుంది, రీపర్ల బరువు వాసాల మీద. వాసాలు పైన వెన్నుగాడికి, అంటే కొప్పు కింద పొడుగునా సాగే దూలానికి, కింద గోడలకి ఆనుకుని ఉంటాయి. వెన్నుగాడి తన బరువుని రెండు చివరలా గోడలకి, మధ్యలో నిట్టాడు (కింద నుంచి ఊతమిచ్చే నిలువు కర్ర) ఉంటే దాని ద్వారా అడ్డదూలానికి దింపుతుంది. బెంగుళూరు పెంకు ఒక్కోటి రెండున్నర కిలోలు అటూ ఇటూగా ఉంటుంది, చదరపు మీటరుకి పదిహేను దాకా పడతాయి. మీరు చెప్పిన పద్దెనిమిది బై పద్నాలుగు అడుగుల హాలు మీద పెంకులే ఒక టన్ను దాకా ఉంటాయి, కర్ర బరువు వేరే. వానలో పెంకు నీళ్ళు పీల్చి ఇంకాస్త బరువెక్కుతుంది. ఈ బరువు నేలలోకి దిగే దారిలో ఎక్కడో తేడా వస్తేనే కప్పు కుంగుతుంది. ఆ తేడా ఎక్కడో పట్టుకోకుండా ఏ మేస్త్రికీ డబ్బివ్వొద్దు.

మీ ఇంట్లో తేడా ఒక్కచోట రాలేదు, మూడు చోట్ల వచ్చింది. మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ కోయించిన దూలంతోనే మొదలుపెడతాను. అది ఏమీ మోయడం లేదని వడ్రంగి చెప్పింది నిజమే. పైనుంచి దాని మీద బరువు లేదు. దాని పని వేరు. కప్పుకి రెండు వైపులా వాలిన వాసాలు వీపూ వీపూ ఆనించి కూర్చున్న ఇద్దరు మనుషుల్లాంటివి, కాళ్ళు బయటికి జారకుండా ఏదో ఒకటి పట్టి ఉంచాలి. వీధి గోడనీ పెరటి గోడనీ లోపలికి పట్టి ఉంచింది ఆ అడ్డదూలమే. దాన్ని తీసేశాక గోడలు పైభాగంలో కొద్దికొద్దిగా బయటికి ఒరిగాయి. వాసాల కాళ్ళు విడివడ్డాయి, నడికొప్పు దిగింది. మీ మూల పగులు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉందన్నారు కదా, గోడ పైనుంచి బయటికి వాలినప్పుడు పగులు అలాగే పడుతుంది. పునాది కుంగితే పడే పగులు సాధారణంగా ఇలా ఉండదు, ఎక్కువగా కిటికీల మూలల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోతుంది.

రెండోది 2019 నాటి మార్పు. తాతగారు వేయించిన వెన్నుగాడి రెండు వాటాల మీదుగా ఏకంగా సాగిన కర్ర అయ్యుండాలి. మధ్యగోడ మీద ఆగకుండా అటు వైపుకి కూడా సాగడం వల్ల, అటు బరువు ఇటు వంపుని, ఇటు బరువు అటు వంపుని ఆపుతూ వచ్చాయి. పడమటి సగం విప్పేటప్పుడు దాన్ని మధ్యగోడ దగ్గర కోసేశారు. అదే కర్ర, అదే బరువు, అదే పొడవు, కానీ అటు తోడు పోయింది. సమాన పొడవున్న రెండు అంకణాల (ఆధారానికీ ఆధారానికీ మధ్య ఎడం) మీద ఏకంగా సాగే దూలాన్ని మధ్యలో కోసి రెండు ముక్కలు చేస్తే, ఒక్కో ముక్క వంగే వంపు లెక్క ప్రకారం రెండు రెట్లు దాటుతుంది. కర్ర ఆ వంపు మొత్తాన్నీ ఆ రోజే చూపించదు. బరువు కింద ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా సాగుతుంది, తడి తగిలితే ఇంకా ఎక్కువ సాగుతుంది. అందుకే మీకు రెండో వానాకాలానికి కనపడింది.

మూడోది నీళ్ళు. నా దృష్టిలో అసలు భయపడాల్సింది దీనికే. మధ్యగోడ అరవై ఏళ్ళకి పైగా ఇంటి లోపలి గోడ. వానకి తడవాలని దాన్ని ఎవరూ కట్టలేదు. ఇప్పుడది బయటి గోడ అయింది. పైన డాబా గొట్టం, పక్కన ఇరుకు సందు, కప్పుకీ గోడకీ మధ్య ఖాళీ. వెన్నుగాడి కొన సరిగ్గా ఆ గోడలోకే దూరి ఉంటుంది. కర్రలో తడి ఇరవై శాతం దాటి నిలిచిందంటే బూజు జాతి తెగులు పట్టడం మొదలవుతుంది. గోడలో దూరిన కొనకి గాలి తగలదు, ఎండ తగలదు. హాలు మధ్యలో చూస్తే కర్ర టేకు రంగులో నిగనిగలాడుతుంటుంది, కొన మాత్రం వేలితో నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి పోతుంది. టార్పాలిన్ వానని ఆపుతుంది, తడి ఆవిరైపోకుండా కూడా ఆపుతుంది. ఎండ రోజుల్లో దాని అంచులు పైకెత్తించి గాలి ఆడనివ్వండి.

ఇదంతా నా అంచనా, మీ ఉత్తరంలోని ఆనవాళ్ళని బట్టి చెప్పింది. కళ్ళతో చూడాల్సినవి ఉన్నాయి. వచ్చే సెలవుల్లో వెళ్ళినప్పుడు హాలు సీలింగ్‌లో మధ్యగోడ దగ్గర రెండు ప్లైవుడ్ పలకలు ఊడదీయించండి. టార్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు పట్టుకుని ఒక వడ్రంగిని నిచ్చెన ఎక్కించండి. దూలం కొన గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడమనండి. చేవ ఉన్న కర్ర అయితే మొన దిగదు, పుచ్చితే రెండంగుళాలు సులువుగా దిగుతుంది. గోడ మీద నుంచి కర్రకి పాకిన మట్టి చారలు ఉంటే చెదలు. కర్ర కింద పిండిలాంటి సన్నటి పొడి, కర్రలో గుండుసూది బెజ్జాలు ఉంటే పుచ్చు పురుగు. ఈ రెండింటికీ మందులు వేరు, కాబట్టి ఏదో తేల్చుకోకుండా ఎవరినీ మందు కొట్టనివ్వొద్దు.

తర్వాత వెన్నుగాడి ఈ కొన నుంచి ఆ కొనకి దారం బిగించి లాగి, మధ్యలో దారానికీ కర్రకీ ఎంత ఎడముందో కొలవండి. పెంకులు మోసే దూలాన్ని కొత్తగా వేసేటప్పుడు పొడవులో 360వ వంతుకి మించి వంగకుండా చూసుకోవాలని మన ప్రమాణాలు చెబుతాయి. పద్దెనిమిది అడుగులకి అది పదిహేను మిల్లీమీటర్లు. మీ నాలుగు వేళ్ళు దానికి ఎన్నో రెట్లు. కానీ అంకె కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఇంకా దిగుతోందా, ఆగిందా? ఎప్పుడో రెండంగుళాలు దిగి ఏళ్ళ తరబడి అక్కడే ఆగిన కప్పుల కింద జనం హాయిగా బతుకుతున్నారు. ఒక్క వానాకాలంలో అరంగుళం దిగే కప్పు అలా కాదు. కొలిచిన చోట పెన్సిలు గీత గీసి పక్కన తేదీ రాయండి. మూల పగులు మీద రెండు చోట్ల తెల్ల సిమెంటు పట్టీ పూసి వాటి మీదా తేదీ వేయండి. పట్టీ చిట్లితే గోడ కదులుతున్నట్టే. గోడ పైనుంచి దారానికి గుండు కట్టి వేలాడదీస్తే ఎంత బయటికి ఒరిగిందో కూడా తెలిసిపోతుంది. ఈ కొలతలూ ఫోటోలూ మీ తమ్ముడికి పంపితే, ఫోన్లో గంట వాదించినా జరగని పని జరుగుతుంది.

మేస్త్రి గొట్టం సంగతికి వద్దాం. అతని ఆలోచన పూర్తిగా తప్పు కాదు. దిగుతున్న దూలానికి మధ్యలో ఊతం ఇస్తే దిగడం ఆగుతుంది. కానీ ఆ గొట్టం ఒరుగుతున్న గోడల్ని పట్టి ఉంచలేదు, పుచ్చిన కొనని బాగు చేయలేదు. పైగా పాత ఇళ్ళలో గచ్చు కింద ఉండేది పోసిన మట్టి. కింద పునాది తీయకుండా గచ్చు మీద నిలబెడితే టన్ను బరువుకి గొట్టమే కిందికి దిగబడుతుంది. అన్నిటికంటే నాకు భయం, ఒకే రోజు జాకీతో లేపి తిన్నగా చేసేస్తానని అతను బయలుదేరడం. ఇన్నేళ్ళు వంగిన కర్ర ఒక్క పూటలో తిన్నగా రాదు, పగులుతుంది. అందుకని తాత్కాలికంగా మాత్రం అతని మాట వినండి. శ్లాబు సెంట్రింగ్‌కి వాడే మర జాకీలు అద్దెకి దొరుకుతాయి. రెండు తెచ్చి, కింద మందపాటి పలకలు పరిచి, పైన దూలానికి ఒక పలక అడ్డం పెట్టి, ఆనీ ఆననట్టు బిగించమనండి. లేపొద్దు, ఆపితే చాలు. దీనికి అరవై వేలు అక్కర్లేదు. ఇలా ఆపితే మీకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

తమ్ముడి శ్లాబు మాట దగ్గర మాత్రం నేను గట్టిగా అడ్డం పడతాను. అయిదంగుళాల శ్లాబు చదరపు మీటరుకి మూడు వందల కిలోల పైనే తూగుతుంది. పెంకూ కర్రా కలిపి అరవై కిలోల దగ్గర ఉంటుంది. అంటే అయిదు రెట్లు. ఒక్క మీ హాలు మీదే ఏడు టన్నులు దాటుతుంది. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడలు, అందులోనూ ఇప్పటికే ఒరిగినవి, దాన్ని మోయవు. పడితే చెక్కా పెంకూ పడినట్టు పడదు. శ్లాబే కావాలనుకుంటే పునాది నుంచి పిల్లర్లు లేపి కొత్త ఇల్లు కట్టుకోవడమే. అది తప్పేమీ కాదు. అయితే తమ్ముడు పోల్చి చూడాల్సింది కప్పు ఖర్చునీ శ్లాబు ఖర్చునీ కాదు, కప్పు ఖర్చునీ కొత్త ఇంటి ఖర్చునీ. ఏడాది దాకా అమ్మగారు ఎక్కడుంటారన్నది కూడా అందులో లెక్కే. ఒకవేళ ఆ దారే పట్టినా, పాత టేకు దూలాలు, తలుపులు, స్తంభాలు కూలగొట్టేవాడికి కూలి కింద వదిలేయకండి. చేవ ఉన్న పాత టేకుకి మంచి ధర వస్తుంది. విప్పే ముందే లెక్క రాసుకుని విడిగా బేరం పెట్టండి.

ఉన్న కప్పుని బాగు చేయించుకోవడం మూడో దారి. మనసులో మాట చెప్పాలంటే నా మొగ్గు దీని వైపే, దూలం మధ్యభాగం గట్టిగా ఉంటేనే సుమా. పని ఎలా నడవాలో చెబుతాను, ఎవరైనా దీన్ని తలకిందులు చేస్తుంటే మీకు తెలియాలి. మొదట పెంకులు దింపాలి. రెండు వాలుల మీదా సమానంగా, పైనుంచి కిందికి. ఒకవైపే దింపితే రెండో వైపు బరువుకి కప్పు ఒరుగుతుంది. బరువు తగ్గాక జాకీలతో రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున లేపాలి. పూర్తిగా తిన్నగా రావాలని పట్టుబట్టొద్దు, సగం వంపు తగ్గినా మేలే. పుచ్చిన కొనని గట్టి కర్ర తగిలేదాకా కోసేసి, రెండు పక్కలా ఇనప ఛానళ్ళు వేసి బోల్టులతో బిగించి, ఆ ఛానళ్ళనే గోడ మీద కాంక్రీటు దిమ్మ పైన ఆన్చాలి. కర్రని మళ్ళీ గోడలో పాతేసి సిమెంటుతో మూసేయకూడదు, కొన చుట్టూ గాలి ఆడాలి. కోసేసిన అడ్డదూలం స్థానంలో మళ్ళీ దూలమైనా వేయాలి, లేదా గోడకి గోడ పట్టి ఉంచేలా ఇనప కడ్డీ వేసి బయట పలకలు పెట్టి బిగించాలి. హాల్లోకి కనపడకూడదంటే కడ్డీ సన్నగా ఉంటుంది కాబట్టి సీలింగ్ పైన దాగిపోతుంది. వెన్నుగాడికి పోయిన తోడుకి బదులుగా మధ్యలో ఇంకో అడ్డదూలం వేసి దాని మీద చిన్న నిట్టాడు నిలపాలి. అప్పుడు హాలు మధ్యలో గొట్టం అవసరమే ఉండదు.

పెంకు నేసేటప్పుడు చూరు దగ్గర వరసల్నీ, కొప్పు పెంకుల్నీ వైరుతో రీపర్లకి కట్టించండి. తుఫాను గాలికి మొదట లేచేవి అవే. కోతులకీ కట్టిన పెంకు అంత సులువుగా దొరకదు, అయినా కప్పు మీదికి వాలిన కొమ్మలు కొట్టించకపోతే లాభం లేదు. మధ్యగోడకి బయటి వైపు సున్నం గచ్చు చేయించండి. మట్టి, సున్నం గోడ మీద సిమెంటు ప్లాస్టరు చేస్తే లోపలి తడి బయటికి రాలేక కర్ర వైపుకే పోతుంది. గోడకీ కప్పుకీ కలిసే చోట రేకు మడిచి పెట్టించాలి. చెదల మందు నేలలోకీ గోడ అడుగునా పోయించాలి, కర్ర మీద చల్లితే సరిపోదు. కట్టిన ఇళ్ళలో ఈ మందు ఎలా వేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం ప్రకారం చేస్తారా అని అడిగితే, తెలిసినవాడెవడో తెలియనివాడెవడో అక్కడే బయటపడుతుంది.

ఈ దారిలో కష్టాలు కూడా ఉన్నాయి. పెంకుటిల్లు తెలిసిన వడ్రంగులు ఇప్పుడు తక్కువ, దొరికినా వాళ్ళ తీరికని బట్టి మనం నడవాలి. ఏటా వానల ముందు కప్పు ఎక్కించి చూసుకోవాలి, ఆ పని రాజమండ్రి నుంచి మీరో, ఊళ్ళో ఇంకెవరో నెత్తిన వేసుకోవాలి. అది కుదరదనుకుంటే నాలుగో దారి ఉంది. కర్ర మొత్తం దింపేసి ఇనప గొట్టాలతో కప్పు కట్టించి, మీ పాత పెంకులే పైన నేయించడం. చెదల బెడద ఉండదు, వంపు ఉండదు. ఖర్చు బాగు చేయించడం కన్నా ఎక్కువ, కొత్త ఇంటికన్నా చాలా తక్కువ. ఉప్పుగాలి తగిలే ఊరైతే పెయింటు విషయంలో బద్ధకించకూడదు. హాలు పాత కళ పోతుంది, అది మీకెంత ముఖ్యమో మీకే తెలియాలి. రేకుల కప్పు మాట ఎవరైనా ఎత్తితే వద్దనే చెబుతాను. వేసవిలో ఆ వేడికి పెద్దావిడ ఉండలేరు.

వీటిలో ఏది పట్టినా ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుని తీసుకెళ్ళి చూపించండి. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో ఇలాంటివి చూసే అధ్యాపకులుంటారు. పెంకుటిళ్ళు చూసిన అనుభవం ఉందా అని ముందే అడగండి.

అన్నయ్య విషయం. వాళ్ళ వాటా విప్పడం వల్ల మీ కప్పుకి నష్టం జరిగిందన్నది నిజం. నాన్నగారు దూలం కోయించడం వల్ల జరిగిందన్నదీ అంతే నిజం. ఎవరి వల్ల ఎంత అని పంచి చెప్పడం ఏ ఇంజనీరుకీ సాధ్యం కాదు, ఆ పంచాయితీకి కూర్చుంటే మొదట నలిగేది కేరేజీ అందుకునే అమ్మగారు. జరిగిపోయిన వాటిని పక్కన పెట్టి, ఇంకా జరుగుతున్నదాని గురించి మాత్రమే మాట్లాడండి. అది నీళ్ళ గొట్టం. ఫోన్లో వద్దు. మీరు వెళ్ళినప్పుడు అన్నయ్యని పిలిచి నిచ్చెన ఎక్కించి ఆ దూలం కొన చూపించండి. "అన్నయ్యా, డాబా నీళ్ళు సరిగ్గా దీని మీదే పడుతున్నాయి. గొట్టం వీధి వైపు తిప్పించేద్దాం, మనిషిని నేను పంపిస్తా, ఖర్చు నాదే" అనండి. ఆ గోడ పడితే పడేది వాళ్ళ సందులోకే, వాళ్ళ పిల్లలు తిరిగే చోటికే. ఇది ఆయన అవసరం కూడా. రేపు కప్పు పనికి వాళ్ళ వైపు నుంచి పరంజా కట్టాల్సి వస్తుంది, ఆ అనుమతి కూడా అప్పుడే అడిగేయండి.

ఆయన కాదంటే ఊరుకోకండి. ఒకరి కప్పు నీళ్ళు ఇంకొకరి స్థలంలో పడటం మీద 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఉంది. ఎవరూ అడ్డు చెప్పకుండా ఇరవై ఏళ్ళు సాగితే అది వాళ్ళ హక్కయ్యే వీలుంది. కోర్టుకి వెళ్ళమని కాదు. మొహమాటానికి ఏళ్ళ తరబడి మాట్లాడకుండా ఉండటానికి కూడా ఒక ధర ఉందని తెలియాలని చెప్పాను. స్థలం అమ్మకం మాట మాత్రం దీంతో కలపనివ్వకండి. పని జరిగే నెలా రెండు నెలలు అమ్మగారు డాబాలో ఉంటారంటే సంతోషంగా ఒప్పుకోండి, మీ సామాను మాత్రం మీ తూర్పు గదిలోనే ఉంచి తాళం మీ దగ్గర పెట్టుకోండి.

అమ్మగారిని ఒప్పించే పని మీకు అన్నిటికంటే కష్టంగా ఉండొచ్చు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన ఆ గాలికి ఆ ఇల్లు నిలిచింది. కానీ అప్పటి ఇల్లు వేరు. అప్పుడు అడ్డదూలం ఉంది, వెన్నుగాడి ఏకంగా ఉంది, పడమటి గాలికి బాబాయిగారి సగం అడ్డుంది. ఇప్పుడు ఆ మూడూ లేవు. ఈ మాట నెమ్మదిగా, ఆవిడ పక్కన కూర్చుని చెప్పండి. ఇల్లు పడిపోతుందని భయపెడితే మొండికేస్తారు. ఆ ఇంట్లో ఏది లేకపోతే ఉండలేరో అడగండి. మండువానా, తన పొయ్యా, అరుగు మీద కూర్చుంటే పలకరించే మనుషులా? పైన కర్ర ఉన్నా ఇనుమున్నా ఆవిడకి పట్టింపు లేకపోవచ్చు. ఆవిడ చెప్పే సమాధానాన్ని బట్టి మూడో దారీ నాలుగో దారీ మధ్య ఎంపిక తేలికవుతుంది.

ఇక తొందర ఎంత అన్నది. పెంకు దింపే పని ఎండ కాలంలోనే చేయాలి. వానలు జూన్‌లో మొదలవుతాయి కాబట్టి ఏప్రిల్ చివరికి కర్ర పని మొదలు కాకపోతే ఈ ఏడు కప్పు విప్పొద్దు. విప్పి సగంలో వానకి వదిలేసిన కప్పు కంటే కుంగిన కప్పే నయం. తమ్ముడు ఒప్పుకోవడానికీ, డబ్బు సర్దడానికీ ఆలస్యమైతే, జూన్ లోపు మూడు పనులు చేయించి ఆపండి: డాబా నీళ్ళ గొట్టం తిప్పించడం, గోడకీ కప్పుకీ మధ్య రేకు వేయించడం, హాల్లో జాకీలు. అమ్మగారు తూర్పు గదిలోనే పడుకోవాలి. మిగతాది సంక్రాంతి దాటాక పెట్టుకోవచ్చు. ఈలోగా స్క్రూడ్రైవరు ఎంత లోతు దిగిందో, పెన్సిలు గీతలో తేడా ఎంత వచ్చిందో నాకు రాయండి. వెన్నుగాడి మధ్యభాగంలో కూడా మొన దిగుతోందంటే మాత్రం మూడో దారి వదిలేసి నేరుగా నాలుగో దారి గురించి మాట్లాడుకోవాలి.